మావాడి కారూ, నా పేరూ

ఇంగ్లండులో కారు కొనుక్కోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. పదహారు వందల పౌన్లు చేతిలో వుంటే, పదేళ్ళు తిరిగినా ఇంకా పరువుగానే కనిపించే చిన్న కారు ఒకటి వస్తుంది. దాన్ని వీధిలోకి తీసుకురావడమే కష్టం. మా మేనల్లుడి కారు ఖరీదు 1,600 పౌన్లయితే, మొదటి సంవత్సరం ఇన్సూరెన్సు 1,980 పౌన్లన్నారు. అందులో నూటికి పన్నెండు చొప్పున సర్కారు పన్ను కూడా కలిసి వుంటుంది లెండి. 2017 జూన్ నుంచి అదీ రేటు. ఆ అంకె చూసి మావాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మావయ్యా, ఈ డబ్బుతో ఇంకో కారు కొని, మొదటిది చెడితే రెండోది వాడుకోకూడదా?" అన్నాడు.

ప్రశ్న వెర్రిదేమీ కాదు. కాని బీమా లేకుండా కారు రోడ్డెక్కితే ఇక్కడ నేరం. 1930 నాటి చట్టం మొదలుకుని ఇదే వరస. మన దేశంలోనూ 1946 నుంచి అంతే కదా. మన కారు ఏమైపోయినా అడిగేవాడు లేడు గాని, మన కారు వల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికి మాత్రం ముందుగా పూచీ చూపించి తీరాలి.

మావాడంటే, కాకినాడలో వున్న మా అక్కయ్య పెద్దకొడుకు. ఇరవై నాలుగేళ్ళవాడు. మేముండే లెస్టర్‌లోనే ఎమ్మెస్సీ పూర్తిచేసి, వూరికి పద్నాలుగు మైళ్ళ అవతల గిడ్డంగుల పేటలో, సరుకులు పంపే ఆఫీసులో వుద్యోగం సంపాదించాడు. పని తెల్లవారుజామున ఆరింటికి మొదలు. ఆ వేళకి అటు వెళ్ళే బస్సు లేదు. టాక్సీ అంటే పోనూ రానూ జీతంలో సగం దానికే. మొదటి రెండు వారాలూ తోటి వుద్యోగి ఒకాయన తన కారులో ఎక్కించుకున్నాడు. ఆయన కాస్తా రాత్రి షిఫ్టుకి మారాడు. ఆరు నెలలు ప్రొబేషను. ఆలస్యంగా వెళ్ళేవాణ్ణి ఏ యజమాని వుంచుకుంటాడు చెప్పండి? అంచేత కారు అన్నది సరదా కాదు, అన్నం.

డ్రైవింగు రాకపోలేదు. కాకినాడలో వాళ్ళ నాన్నగారి కారు నాలుగేళ్ళు నడిపాడు. సంతరోజున జగన్నాథపురం వంతెన మీద నడిపినవాడికి లెస్టర్ వీధులు ఒక లెక్కా? అయితే మన లైసెన్సు ఇక్కడ కాపురం పెట్టిన పన్నెండు నెలల వరకే చెల్లుతుంది. ఆ పైన మళ్ళీ ఓనమాలు దిద్దుకోవాల్సిందే. మావాడు చదువుకునే రోజుల్లోనే ఎర్ర అక్షరం పలక తగిలించుకు తిరిగి, పరీక్ష రెండోసారికి ప్యాసయ్యాడు. లైసెన్సుంది, కారుంది. లేనిదల్లా నో క్లెయిమ్స్ బోనసు.

దీన్ని గురించి మా అక్కయ్యకి ఫోనులో చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. చివరికి కిరాణాకొట్టు సామ్యం పట్టుకొచ్చాను. "అక్కా, మన వీధి చివర కొట్లో నీకు ఖాతా వుంది. నెలాఖరుకి ఇస్తావని కొట్టువాడికి తెలుసు. నిన్న వూళ్ళోకి దిగినవాడు ఎంత పెద్దమనిషైనా, వాడికి పావుకిలో పంచదార అరువివ్వడు. వీడు అప్పు ఎగవేశాడని కాదు. తీర్చినట్టు పుస్తకంలో రాసి లేదు, అంతే." మావాడు ప్రమాదాలు చెయ్యలేదని మనకి తెలుసు. కాని బోనసన్నది ప్రమాదాలు చెయ్యనివాడికిచ్చే బహుమానం కాదు. తన పేరున పాలసీ పెట్టుకుని, ఏడాది పొడుగునా పైసా అడగకుండా వున్నవాడికి ఇచ్చేది. పాలసీయే లేనివాడు అడగకపోవడంలో గొప్పేముంది అంటారు వాళ్ళు. ఇక్కడ ఒక్క ఏడాది అడగకుండా వున్నవాడికే ప్రీమియం బాగా తగ్గుతుంది. అయిదేళ్ళు దాటితే, కంపెనీని బట్టి నూటికి అరవై వరకూ, ఒక్కొక్కచోట ఆ పైన కూడా తగ్గిస్తారు.

"అయితే మీ బావగారి కారుకి నూటికి యాభై బోనసుంది. ఆ కాగితం రిజిస్టరు పోస్టులో పంపిస్తాను" అంది అక్కయ్య.

బావగారిది నిజమే. మన దేశంలో మొదటి ఏడాదికి నూటికి ఇరవై, తరువాత ఇరవై అయిదు, ముప్ఫై అయిదు, నలభై అయిదు, అయిదేళ్ళకి యాభై. అదీ సొంత బండి నష్టానికి కట్టే భాగంలోనే. ఎదుటివాడి పూచీకి కట్టే భాగంలో దమ్మిడీ తగ్గదు. పాలసీ గడువు దాటి తొంభై రోజులు వూరుకుంటే ఆ బోనసు కాస్తా నీళ్ళల్లో కలుస్తుంది. ఇంత ముచ్చటగా సంపాదించుకున్న బోనసు బావగారిది. స్టీరింగు పట్టినవాడు కొడుకైనా, పాలసీ మీద పేరు తండ్రిది. కొడుక్కి కాకినాడలోనే పూజ్యం. లెస్టర్‌లో ఎక్కడినుంచి వస్తుంది? పోనీ బావగారే స్వయంగా వచ్చి ఇక్కడ కారు కొన్నా, బయటి దేశపు బోనసును ఇక్కడి కంపెనీల్లో చాలా మటుకు లెక్కలోకి తీసుకోవు.

అక్కయ్య ఒక నిమిషం వూరుకుంది. తరువాత నేను ఎదురుచూస్తున్న ప్రశ్న రానే వచ్చింది.

"ఒరేయ్, నువ్వు అక్కడ ఇరవై రెండేళ్ళ నుంచీ వున్నావు. నీకు ఆ బోనసు నిండా వుందంటివి. ఆ కారేదో నీ పేరున పెట్టి, వాడు కూడా నడుపుతాడని రాయించరాదూ? నీ సొమ్మేం పోయింది?"

నిజమే, నా సొమ్మేమీ పోదు. కంప్యూటరు ముందు కూర్చుని, నడిపేవారు ఎవరు అన్నచోట నా పేరు ముందూ, వాడి పేరు వెనకా రాస్తే ఆ 1,980 కాస్తా ఏడువందలకి దిగుతుంది. నేను వేసి చూశాను. ఇక్కడి మన కుటుంబాల్లో ఇది చేసినవాళ్ళూ లేకపోలేదు. తండ్రి పేరు పెట్టి కొడుకు నడపడం, మామ పేరు పెట్టి అల్లుడు నడపడం. దీనికి వాళ్ళు ఫ్రంటింగ్ అని పేరు పెట్టారు గాని, మనకి పాత మాటే వుంది. బినామీ.

"వద్దక్కా" అన్నాను.

ఎందుకు వద్దో చెప్పబోయాను. రోజూ తెల్లవారుజామున ఆ కారు నడిపేది వాడైతే ముఖ్య చోదకుడు నేనని రాయడం అబద్ధం. ఏమీ జరగనన్నాళ్ళూ ఎవరికీ పట్టదు. ఒకనాడు గుద్దుకున్నాక కంపెనీ వాళ్ళు వస్తారు. ఈ కారు రోజూ ఎక్కడ ఆగుతుంది, తాళం ఎవరి దగ్గర వుంటుంది అని అడుగుతారు. పాలసీ చెల్లదంటారు. అప్పుడు వాడు బీమా లేకుండా నడిపినట్టు లెక్క. దానికి అక్కడికక్కడే వేసే శిక్ష మూడువందల పౌన్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పాయింట్లు. పరీక్ష ప్యాసైన రెండేళ్ళలోపు ఆరు పాయింట్లు పడితే ఆ లైసెన్సు రద్దు. 1995 నాటి చట్టం అలా వుంది. మళ్ళీ ఎర్ర అక్షరం, మళ్ళీ రెండు పరీక్షలు. ఆ సరికి వుద్యోగం ఎక్కడుంటుంది? పైగా, అన్నీ సవ్యంగా జరిగినా లాభమేమిటి? నా పేరున వున్న పాలసీలో వాడు పదేళ్ళు నడిపినా, చాలా కంపెనీల్లో వాడి ఖాతాలో పడేది మళ్ళీ పూజ్యమే.

ఇందులో సగం కూడా అక్కయ్య వినలేదు. "సరేలే, నీ పేరు నువ్వే వుంచుకో" అని ఫోను పెట్టేసింది. నాకు పదేళ్ళ వయసులో అమ్మ పోతే తలంటిపోసి బడికి పంపిన మనిషి ఆవిడ. మూడు వారాలు నాకు ఫోను రాలేదు. మా ఆవిడకి మాత్రం వచ్చేది. నేను ఇంట్లో లేని వేళ చూసి మరీ చేసేది.

పేరు ఇవ్వనన్నాక, చెయ్యగల మిగతా సాయమైనా చెయ్యాలి గదా. ఒక ఆదివారం సాయంత్రం వాణ్ణి పిలిచి, భోజనాల బల్ల మీద కాగితాలు పరిచాను. మావాడు అప్పటికే ఒక ఉపాయంతో వచ్చాడు. "మావయ్యా, ఎక్సెస్ వెయ్యి పౌన్లు పెడితే ప్రీమియం తగ్గుతుందట. పెట్టేద్దామా?"

ఎక్సెస్ అంటే మన తరం వాళ్ళకి గుర్తొచ్చేది రైల్లో టీటీఈ రాసే ఎక్సెస్ ఛార్జి. ఇదీ దాని చుట్టమే. మన జేబులోంచి పోయేదే. కారుకి దెబ్బ తగిలినప్పుడు బాగుచేయించే ఖర్చులో మొదటి ఇంత సొమ్ము నేను పెట్టుకుంటాను, ఆ పైది మీరు పెట్టండి అని ముందే ఒప్పుకోవడం. మన దేశంలో దీన్నే డిడక్టిబుల్ అంటారు. 1500 సీసీ వరకూ వెయ్యి రూపాయలు, అంతకుమించిన బండికి రెండువేలు. అందుకే అక్కడ దాని వూసే ఎవరికీ తెలియదు. ఇక్కడ అలా కాదు. కంపెనీ తప్పనిసరిగా పెట్టేది ఒకటి. కుర్రవాళ్ళకీ, కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళకీ ఇది ఎక్కువ. మనంతట మనం పైన చేర్చుకునేది ఇంకొకటి. నష్టం వచ్చినప్పుడు రెండూ కూడి మన నెత్తిన పడతాయి. మావాడికి తప్పనిసరిది 400 పౌన్లు.

ఇహ లెక్క చూడండి. స్వచ్ఛందంగా ఏమీ చేర్చకపోతే ప్రీమియం 1,980. రెండువందల యాభై చేరిస్తే 1,845. అయిదువందలైతే 1,790. వెయ్యి అయితే 1,762. అంటే మొదటి రెండువందల యాభైకి 135 పౌన్లు తగ్గించారు, రెండో రెండువందల యాభైకి 55. ఆపైన మరో అయిదువందల నష్టం మనం నెత్తికెత్తుకుంటే వాళ్ళు విదిల్చింది ఇరవై ఎనిమిది పౌన్లు! అయిదువందలకి ఇరవై ఎనిమిది. ఈ బేరం మన రైతుబజారులో ఏ ముసలమ్మా ఒప్పుకోదు.

అంతకన్నా ముఖ్యమైనది వేరే వుంది. కారు విలువే 1,600. వెయ్యి పెడితే మొత్తం ఎక్సెస్ 1,400. కారు తుక్కయిపోయిన రోజున, విలువలోంచి ఆ 1,400 మినహాయించి చేతిలో పెట్టేది రెండువందలు. అదీ కారు విలువ అప్పటికీ అంతే వుంటే. ఇచ్చేది మనం కొన్న ధర కాదు, ఆనాటి బజారు ధర. ఏడాది తిరిగేసరికి అది 1,300కి దిగితే, వచ్చేది శుద్ధ సున్న. పెద్ద కారున్న పెద్దమనిషికి వెయ్యి ఎక్సెస్ లెక్కలోది కాదు. చిన్న కారున్నవాడికి అది కారునే మింగేస్తుంది.

"అయితే ఈ మాత్రం కారుకి సమగ్ర పాలసీ ఎందుకు మావయ్యా? థర్డ్ పార్టీ ఒక్కటీ తీసుకుంటే పోలేదూ?" అన్నాడు. తెలివైన ప్రశ్నే. వేసి చూశాం. 2,050! తక్కువ పూచీకి ఎక్కువ ధర. ఆ రకం పాలసీ కోరేవాళ్ళలో ప్రమాదాలు చేసేవాళ్ళు ఎక్కువని కంపెనీల అనుభవమట. ఈ శాస్త్రం ఇలాగే వుంటుంది. మన ఒక్కడి గుణం ఎవరికీ అక్కర్లేదు. మనలాంటి పదివేలమంది గుణమే మన గుణం.

మావాడికి మనసులో ఇంకో భయం వుంది. ఎవరినైనా గుద్దితే, వాళ్ళకీ మొదటి ఆరేడువందలు తనే ఇచ్చుకోవాలేమోనని. ఇది చాలామందికి వున్న అనుమానమే కాబట్టి చెబుతున్నాను. ఎక్సెస్ మన కారు నష్టానికే. ఎదుటివాడి కారుకీ, ఒంటికీ జరిగిన నష్టం కంపెనీయే పూర్తిగా ఇచ్చుకుంటుంది. మనుషుల గాయాలకైతే ఈ దేశంలో పరిమితే లేదు. తప్పు ఎదుటివాడిదని తేలితే, మనం పెట్టుకున్న ఎక్సెస్ వాడి కంపెనీ దగ్గర రాబట్టుకోవచ్చు కూడా.

ఆఖరికి రెండువందల యాభై దగ్గర ఆగాం. మొత్తం 650. అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "మరి మీ పేరు పెట్టకూడదంటే అసలెక్కడా పెట్టకూడదా?" అంది. మా ఇంట్లో పనికొచ్చే ప్రశ్నలు ఆవిడే వేస్తుంది. పాలసీదారూ, ముఖ్య చోదకుడూ వాడే. నేను అప్పుడప్పుడూ నడిపేవాణ్ణి. ఇది అబద్ధం కాదు. ఆవిడ మా కారు వేసుకుని డ్యూటీకి వెళ్ళిన శనివారాల్లో, నేను వాడి కారులో బజారుకి వెళ్ళి రావచ్చు. అలాగే రాశాం. పాతకాపు ఒకడు తోడున్నాడనేసరికి కంపెనీవాడు కాస్త మెత్తబడి 1,690కి దిగాడు. నెలనెలా కడితే వడ్డీ వేస్తారు; అంచేత ఆ మొత్తం నేనే ఒక్కసారి కట్టేశాను. నెలకి నూటయాభై చొప్పున తీరుస్తానన్నాడు, తీర్చాడు. పదకొండు నెలలు పోగా మిగిలిన నలభై వాళ్ళ అత్తయ్య మాఫీ చేసింది.

నేను పెట్టిన షరతు ఒక్కటే. ఆ 650 పౌన్లూ వేరే ఖాతాలో వేసి, కంటితో చూడకూడదు. ఎక్సెస్ ఒప్పుకోవడమంటే కాగితం మీద గీత గియ్యడం కాదు. నష్టం వచ్చిన రోజున అంత సొమ్మూ చేతిలో వుండాలి. మెకానిక్కు కారు తాళం ఇవ్వాలంటే ముందు అది కట్టాలి. లేకపోతే పాలసీ వుండీ, వాడు నడిచే వెళ్ళాలి. మొదటి రెండు జీతాల్లోంచి కష్టం మీద కూడబెట్టాడు. ఆ రెండు నెలలూ రాత్రి భోజనం మా ఇంట్లోనే.

నవంబరులో ముహూర్తం వచ్చింది. వాన, చీకటి, సూపర్ మార్కెట్టు మేడమీద కార్లు పెట్టుకునే చోటు, ఒక సిమెంటు స్తంభం. ఎవరికీ ఏమీ కాలేదు. వెనక తలుపు మాత్రం అప్పడంలా మడతపడింది. బాగుచెయ్యడానికి 420 పౌన్లన్నాడు మెకానిక్కు. ఆరువందల యాభై లోపలిదే కదా, కంపెనీ ఇచ్చేదేమీ లేదు. కాబట్టి అడగడమూ లేదు, బోనసు చెడడమూ లేదు. ఇక్కడ వాడి గదిలోని స్నేహితులు, "అయితే వాళ్ళకి చెప్పడమెందుకు? మూసెయ్" అన్నారు. పాలసీ తీసి చూపించాను. సొమ్ము అడిగినా అడగకపోయినా, ఏ ప్రమాదం జరిగినా తెలియపరచాలని అందులో వుంది. క్లెయిము వేరు, కబురు వేరు. వాడు ఫోను చేశాడు. వాళ్ళు రాసుకున్నారు. బోనసుకి భంగం లేదని కాగితం పంపారు.

తలుపు సంగతి ఏమైందంటారా? పాత కార్లు విప్పదీసి అమ్మేచోట అదే రకం తలుపు ఒకటి దొరికింది. బిగించిన కూలితో సహా నూట పది పౌన్లు. కారు నీలం, తలుపు తెలుపు. మా వీధిలో పిల్లలు దానికి పేరు కూడా పెట్టారు. డిసెంబరు జీతంలోంచి ఆ నూట పదీ మళ్ళీ ఖాతాలో వేశాడు మావాడు. నేను అడగలేదు.

మరుసటి అక్టోబరులో, ఒక సంవత్సరం బోనసు అని స్పష్టంగా రాసివున్న కాగితం వచ్చింది, వాడి పేరు మీద. పాత కంపెనీ 1,240 అంది. 2022 జనవరి నుంచి, పాత ఖాతాదారుకి కొత్తవాడికంటే ఎక్కువ రేటు వెయ్యకూడదని ఇక్కడ కట్టుబాటు వచ్చింది గాని, అది ఒకే కంపెనీ లోపలి మాట; పక్క కంపెనీ రేటు పక్క కంపెనీదే. అంచేత వాకబు చేశాం. ఆ కాగితమూ, స్తంభం కథా రెండూ చెబితే, ఇంకొకరు 1,130కి ఒప్పుకున్నారు. ఎక్సెస్ మళ్ళీ ఆరువందల యాభయ్యే.

అప్పటికి మా అక్కయ్య నాతో మాట్లాడుతూనే వుంది లెండి. కొడుకు ప్రొబేషను పూర్తయిన రోజున ఫోను చేసి, మా ఆవిణ్ణి పిలవమనకుండా, "ఏరా, భోంచేశావా?" అని అడిగింది. కారు మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళాలని మావాడి ఆరాటం. "మావయ్యా, ఆ 650 ఏడాది నుంచీ వూరికే పడివుంది. టిక్కెట్టుకి సరిపోతుంది" అన్నాడు. పాలసీ మళ్ళీ మొదలైంది కదా, ఆ డబ్బుకి మళ్ళీ డ్యూటీ పడిందన్నాను. వాడి మొహం చిన్నబోయింది. ఆ రాత్రి మా ఆవిడ నావంక చూసిన చూపుకి, టిక్కెట్టు నేనే కొన్నాను.

సంగతి తెలిసి అక్కయ్య ఫోను చేసింది. "టిక్కెట్టు ఎవరి పేరు మీద కొన్నావురా?" అంది.

ఇద్దరం చాలాసేపు నవ్వాం. తరువాత, వాడు తిరిగి వచ్చేటప్పుడు కాజాలు పంపుతానని, పెట్టెలో చోటు వుంచుకోమని చెప్పమంది.